రేపటి పౌరులకు ఇవాళ కావలసినవి

‘నేటి బాలలే రేపటి పౌరులు’ అనే మాట వినని వాళ్ళు మనలో ఉండరు. ఏటా నవంబరు 14న ప్రతి వేదిక మీదా ఈ మాట మారుమోగుతుంది. మాట మంచిదే. కాని పిల్లల్ని ‘రేపటి’ వాళ్ళనేసరికి వాళ్ళ అవసరాలు కూడా రేపటికే వాయిదా పడుతున్నాయి. ఆరేళ్ళ పిల్లకు ఆటస్థలం ఇవాళే కావాలి. పదేళ్ళ తర్వాత చూపిస్తే ఆ పిల్ల వచ్చి ఆడుకుంటుందా?

పిల్లలు, యువకులు, పేద సంసారాలు – ఇవన్నీ ఢిల్లీ, సచివాలయం చూసుకోవలసిన విషయాలనీ, కార్పొరేటర్ పని డ్రైనేజీ, వీధిదీపాలనీ కొందరి అభిప్రాయం. నేను ఒప్పుకోను. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొన్నది. ఆటస్థలాలు, మురికివాడల అభివృద్ధి, పేదరిక నిర్మూలన అందులో ఉన్నవే.

చట్టం సంగతి అటుంచండి. మన నగరానికి అనుభవం లేదా? 1967లోనే హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలైంది. దాని కార్యకర్తలు ముందుగా నక్షాలు గీసుకొని బస్తీకి వెళ్ళలేదు. ‘మీకేం కావాలి?’ అని అడిగారు. తల్లులు బాల్వాడీ కావాలన్నచోట బాల్వాడీ, ఆడపిల్లలకు కుట్టు కేంద్రం, కుర్రవాళ్ళకు యువజన సంఘం. బస్తీ వాళ్ళు కూడా చేయి కలిపారు. దేశంలో పేరు తెచ్చుకున్న పథకమది. తరువాత బస్తీలూ పెరిగాయి, నగరమూ పెరిగింది. ఆ అడిగే అలవాటు మాత్రం తగ్గిపోయింది.

2014లో నాంపల్లి సరాయి దగ్గర 5 రూపాయల భోజనం మొదలైంది. అదీ నగరపాలక సంస్థ చొరవే. ఊరి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కుర్రవాడికి ఆ ముద్ద విలువ ఎంతో, కడుపునిండిన వాళ్ళం మనం చెప్పలేం.

ఇక చదువు సంగతి. నేను హిమాయత్‌నగర్ వాణ్ణి. మాకు దగ్గరే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. పోటీ పరీక్షలకు చదివే వాళ్ళతో అది ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. చాలామంది చదివేది తాము తెచ్చుకున్న పుస్తకాలే! వాళ్ళకు కావలసింది ఒక కుర్చీ, ఫ్యాను, దీపం, కాస్త నిశ్శబ్దం. రెండు గదుల్లో ఆరుగురు సర్దుకునే ఇంట్లో దొరకనివి సరిగ్గా ఇవే. దీనికి కొత్త పన్ను వెయ్యనక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. వసూలు చేసిన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు చేరకుండా కోట్లలో బకాయి పడిందని పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు! పుస్తకం పేరు చెప్పి తీసుకున్న పైస పుస్తకానికి చేరకపోవడం ఏం న్యాయం?

కనుక నగర పెద్దలకు నా మనవి మూడే మాటలు. గ్రంథాలయం సొమ్ము గ్రంథాలయానికి ఇవ్వండి. ప్రతి డివిజన్‌లోనూ పిల్లలు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక ఆటస్థలం, ఒక చదువుల గది ఉంచండి. పథకం వేసే ముందు బస్తీ తల్లినీ, నిరుద్యోగి కుర్రవాణ్ణీ కూర్చోబెట్టి అడగండి. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించినంత మాత్రాన పని అయిపోదు. అయిదేళ్ళ తర్వాత ఆ తలుపు తెరిచి ఉన్నదా లేదా అన్నదే పరీక్ష.

మిత్రులారా, తప్పంతా పెద్దలమీదే నెట్టి మనం తప్పించుకోలేం. 2020 నగరపాలక ఎన్నికల్లో నూటికి 47 మందైనా ఓటు వెయ్యలేదు. అడగని వాడికి అమ్మైనా పెట్టదంటారు. మన యూనియన్ ఎన్నికలకు చూపే ఉత్సాహంలో సగం డివిజన్ ఎన్నికలకు చూపుదాం. ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని, ‘అయ్యా, మా గల్లీ పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? ఎక్కడ చదువుకోవాలి?’ అని నిలబెట్టి అడుగుదాం. జవాబు చెప్పిన వాడికే ఓటేద్దాం.