పల్లి నూనె సీసా సాగర్ దాటితే జీఎస్టీ కట్టాలె!



పై వీడియోలో మా కట్టె గానుగ చూసి చాలామంది ఫోన్లు చేసిన్రు. సగం మంది అడిగింది గానుగ గురించి కాదు. "అన్నా, ఆన్‌లైన్‌ల అమ్మాలంటే జీఎస్టీ తీసుకోవాల్నా?" అని. ఒక్కొక్కరికి చెప్పుకుంట పోయే కంటే ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్న. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, ఆడిటర్‌ను కాదు. కానీ తెలియక దెబ్బ తిన్నోన్ని.

2021లో ఒక ఆన్‌లైన్ కంపెనీలో మా నూనె పెడదామని పోయిన. జీఎస్టీ నంబరు లేకుంటే కుదరదన్నరు. అప్పటి రూలు కూడా అంతే. ఒక ఏజెంటు నాలుగు రోజుల్లో నంబరు తెచ్చి చేతిలో పెట్టిండు. ఆ ఏడాది మొత్తం ఆన్‌లైన్‌ల అమ్మింది ముప్పై వేల నూనె. అమ్మకం లేని నెలకు కూడా రిటర్ను వేయాలని ఆ ఏజెంటు చెప్పలేదు, నేను అడగలేదు. నిల్ రిటర్నుకు ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉంటే 50 రూపాయలు పడతది. ఆఖరికి లేట్ ఫీజు, ఆడిటర్ ఫీజు కలిపి పదకొండు వేలు పోయినయి. గానుగకు మిగిలింది పల్లి చెక్క.

అందుకే మొదటి మాట. నంబరు తీసుకునే ముందు మీరు అమ్మేది ఏందో చూసుకోండి.

మీ భూమిలో పండిన బత్తాయి, సీతాఫలం, కూరగాయలు, పల్లికాయ ఉన్నదున్నట్టు అమ్మితే చట్టంలో సెక్షన్ 23 కింద రైతుకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కానీ చట్టం లెక్కలో రైతు అంటే వ్యక్తి, లేదా హిందూ ఉమ్మడి కుటుంబం మాత్రమే. పది మంది కలిసి కంపెనీ పెట్టుకుంటే ఆ కంపెనీ రైతు కాదు. "ఎఫ్‌పీవో పెట్టుకోండి" అని ఒక చేత్తో చెప్పి, ఇంకో చేత్తో ఈ లెక్క చూపిస్తున్నరు.

వడ్లు ఆడిస్తే కథ మారుతది. వడ్లు బియ్యమైతే దాని స్వభావమే మారిపోతదని 2017 నవంబరులోనే కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. బియ్యం విడిగా అమ్మితే పన్ను లేదు. అదే బియ్యాన్ని, కొర్రలను, బెల్లాన్ని 25 కిలోల లోపు ప్యాకెట్ చేసి లేబుల్ వేస్తే 2022 జులై 18 నుంచి 5 శాతం. లేబుల్ లేకుంటే ఆన్‌లైన్‌ల కొనేటోడు నమ్మడు, లేబుల్ వేస్తే పన్ను. ఇక గానుగ నూనె, పసుపు పొడి, కారం అయితే ఎట్లైనా 5 శాతం.

రెండో మాట, హద్దు. తెలంగాణలో సరుకులు అమ్మేటోల్లకు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. 2019 ఏప్రిల్ నుంచి చాలా రాష్ట్రాలు ఈ హద్దును 40 లక్షలు చేసుకున్నయి. ఆంధ్రప్రదేశ్ కూడా చేసుకున్నది. మన తెలంగాణ 20 దగ్గరే ఆగింది. పైగా ఆ 20 లక్షల్లో పన్ను లేని సరుకు అమ్మకం కూడా కలుస్తది. సన్న రైతుకు ఇది చిన్న తేడా కాదు.

మూడోది 2023 అక్టోబరు 1 నుంచి వచ్చిన వెసులుబాటు. హద్దు లోపల ఉన్నోల్లు ఆన్‌లైన్ కంపెనీల ద్వారా తమ రాష్ట్రంలో అమ్ముకోవడానికి జీఎస్టీ నంబరు అక్కరలేదు. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ కార్డుతో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నేను మళ్ళీ అడిగిన ఒక కంపెనీలో ఫోన్ ఎత్తిన పిల్లకు కూడా తెలియదు.

కానీ ఆ వెసులుబాటుకు ఒక ముడి ఉన్నది. సరుకు రాష్ట్రం దాటొద్దు. పన్ను పడే సరుకు ఒక్క సీసా వేరే రాష్ట్రానికి పంపినా, సెక్షన్ 24 కింద మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్. వాట్సాప్‌ల ఆర్డర్ తీసుకున్నా అంతే. మాది దేవరకొండ పక్క పల్లె. వంద కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌కు నూనె పంపితే బాధ లేదు. సాగర్ అవతల మాచర్లకు పంపితే జీఎస్టీ కావాలె. 2014 జూన్ 2కు ముందు రెండూ ఒకే రాష్ట్రం. నీళ్ళు అవే, మనుషులు అవే, చుట్టరికాలు అవే. మా మేనత్తకు అమ్మినా నేను అంతర్రాష్ట్ర వ్యాపారినే!

పన్ను కట్టొద్దని నేను అనను. 5 శాతం కట్టేది కొనేటోడు, మనం మధ్యలో చేరవేసేటోల్లం. నా బాధ పన్ను కాదు, పని. పొద్దున జీవామృతం కలిపి, మధ్యాహ్నం గానుగ తిప్పి, రాత్రి పార్శిళ్ళు కట్టే మనిషి రిటర్నులు ఎప్పుడు వేయాలె? దళారి లేకుండా అమ్ముకోమని అందరూ చెప్తరు. ఒక దళారిని వదిలించుకుంటే, కాగితాల దళారి వచ్చి కూసున్నడు.

నేను అడిగేవి మూడే. తెలంగాణ హద్దు 40 లక్షలు చేయాలె. సొంత పంటను సొంతంగా ప్యాక్ చేసి అమ్మే రైతును, వేల టన్నులు ప్యాక్ చేసే కంపెనీని ఒకే గాటన కట్టొద్దు. మూడోది, చిన్న అమ్మకందార్లు ఆన్‌లైన్ కంపెనీల ద్వారా వేరే రాష్ట్రాలకు కూడా అమ్ముకునేటట్టు సులువైన రిజిస్ట్రేషన్ పెడతామని 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. అది మన పల్లెల దాకా రావాలె.

అందాక మీరు చేయాల్సింది: ఏం అమ్ముతున్నరో, ఎక్కడికి పంపుతున్నరో, ఏడాదికి మొత్తం ఎంత అమ్మిన్రో ఒక నోటుబుక్కులో రాసుకోండి. అది చేతిలో పెట్టుకొని తెలిసిన ఆడిటర్ దగ్గరికి పోండి, ఏజెంటు దగ్గరికి కాదు. నంబరు ఇప్పటికే తీసుకొని వాడకుండా పడేసినోల్లు ఉంటే, ఈ వారమే పోర్టల్ తెరిచి చూడండి. అమ్మకం లేకున్నా లేట్ ఫీజు పెరుగుతనే ఉంటది.