గింజకంటే పిండి చౌకైతే కొనొద్దు

పండుగ సరుకుల చీటీ రాస్తున్న ప్రతి ఇల్లూ దుకాణానికి బయల్దేరే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ఎండుమిరపకాయలు కిలో ఎంత? కారం కిలో ఎంత? తొడిమలు తీస్తే కాయ తూకం తగ్గుతుంది. మర పట్టించినందుకు కూలి పడుతుంది. ప్యాకెట్‌కూ రవాణాకూ ఖర్చవుతుంది, అమ్మేవాడికి నాలుగు రూపాయలు మిగలాలి. ఇంతా అయ్యాక కాయకంటే కారమే చౌకగా దొరుకుతోందంటే ఆ పొట్లంలో మిరపకాయతోపాటు ఇంకేదో కూడా ఉందని అర్థం. పైన ఎంత పెద్ద డిస్కౌంట్ బోర్డు వేలాడుతున్నా దాన్ని ఇంటికి తీసుకురావద్దు.

రంగుపోయి తెల్లబడిన తాలు కాయ మార్కెట్ యార్డుల్లో తక్కువ ధరకు పోతుందని గుంటూరు, ఖమ్మం వాళ్లకు చెప్పనక్కర్లేదు. దాన్ని పొడి చేస్తే ఎర్రగా ఉండదు. అక్కడే రంగు అవసరం పుడుతుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ రంగు బయటపడి యూరప్ దేశాలు తనిఖీలు బిగించాయి. 2005లో అదే రంగు కారణంగా బ్రిటన్‌లో వందలాది ఆహార ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మైనానికీ పాలిష్‌లకూ వాడే ఆ రంగుకు ఏ వంటింట్లోనూ అనుమతి లేదు.

గ్లాసు నీళ్లలో కారం చల్లి చూడమని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. నీళ్లలో కరిగే రంగు కలిపి ఉంటే చారలు చారలుగా దిగుతుంది, నిజమే. కానీ సుడాన్ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్ల పరీక్షలో నెగ్గినంత మాత్రాన ఆ కారం మంచిదని కాదు. అందుకే ఆ వీడియోలకంటే ధరల లెక్కే ముందు చూడమంటున్నాం.

నూనెకూ ఇదే లెక్క. గానుగలో లీటరు వేరుశనగ నూనె రావాలంటే సుమారు రెండున్నర కిలోల పల్లీలు పడతాయి. చెక్క అమ్మితే కొంత తిరిగొస్తుందనుకున్నా, రెండు కిలోల పల్లీల ధరకంటే తక్కువకు ‘స్వచ్ఛమైన పల్లీ నూనె’ ఇస్తానన్నవాడిని నమ్మాల్సిన పని లేదు. ప్యాకెట్ ముందు పల్లీల బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో పామాయిల్ కలిపిన మిశ్రమం అని ఉండొచ్చు. అలా రాసి అమ్మడం తప్పు కాదు, కానీ పల్లీ నూనె ధర ఇచ్చి దాన్ని కొనడం మనకు నష్టం. ఇక సంతలో పేరూ ఊరూ లేని డబ్బాలోంచి కొలిచి పోసే లూజు నూనె జోలికే వెళ్లొద్దు. వంటనూనెను లూజుగా అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. నూనె కల్తీ ప్రాణాలూ తీస్తుంది: 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి అరవై మందికి పైగా చనిపోయారు.

శనగపిండి శనగపప్పుకంటే చౌకైతే అందులో కేసరి పప్పు కలిసిందేమో అనుమానించాలి. దాన్ని నెలల తరబడి ఎక్కువగా తింటే కాళ్లు చచ్చుబడతాయి. పప్పుగా ఉన్నప్పుడు కోణాల గింజను గుర్తుపట్టవచ్చు, పిండయ్యాక కంటితో గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. నెయ్యి సంగతి చెప్పేదేముంది! వెన్న బాగా ఉన్న గేదె పాలైనా కిలో నెయ్యికి పదిహేను లీటర్ల దాకా కావాలి. మీ వీధిలో పాల ధర మీకు తెలుసు.

మరి తక్కువలో సంసారం నడిచేదెలా? గింజగా, కాయగా, పసుపైతే కొమ్ముగా కొని మర పట్టించుకోవడమే ఇప్పటికీ చౌక. కొత్త మిర్చి మార్కెట్‌కు వచ్చే ఎండాకాలంలో ఏడాది కారం కొట్టించుకున్న ఇళ్లు తెలివైనవే. రోజు కూలి మీద బతికే ఇంటికి ఒకేసారి అంత డబ్బు పెట్టడం కష్టం, ఆ మాట దాచి సలహాలివ్వడం న్యాయం కాదు. పొదుపు సంఘంలో నలుగురైదుగురు కలిసి బస్తా కాయలు తెచ్చి పంచుకుంటే ఆ భారం తగ్గుతుంది. కూరగాయలకు రైతుబజారు ఉంది. తెలంగాణలో 2025 నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దాన్ని దళారికి అమ్మేసి బయట ఎక్కువ ధరకు కొనడం ఏం పొదుపు?

సూపర్‌మార్కెట్లో సగం ధర గంప ముందు ఆగినప్పుడు చూడాల్సింది గడువు తేదీ. దగ్గరపడిన తేదీ వల్ల ధర తగ్గించడం నిజాయితీ గల బేరమే, ఆ లోపు తినేయగలిగితే తెచ్చుకోండి. తేదీ చెరిపినట్టున్నా, ఒక స్టిక్కరు మీద ఇంకోటి అంటించి ఉన్నా వదిలేయండి. పసిపిల్లల ఆహారం మాత్రం ఆ గంపలోంచి అసలే వద్దు. నూనె ప్యాకెట్ మీద బరువూ చదవాలి: లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది, 750, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా చూపులకు లీటరులాగే ఉంటాయి.

పేరున్న దుకాణాల బొమ్మతో ‘99 రూపాయలకే నెల సరుకులు’ అంటూ వాట్సాప్‌లో వచ్చే లింకు నొక్కొద్దు. యాప్ ఫైలు (ఏపీకే) దించుకోమంటే అది మీ బ్యాంకు ఖాతా కోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ అది చేతులు మారిపోతుంది. సరుకు మోసమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు లేకపోతే ఆ ఫిర్యాదుకు బలం ఉండదు కాబట్టి చిన్న కొట్టులోనైనా అడిగి తీసుకోండి.

జనం జాగ్రత్తపడితే చాలదు. నమూనా అందిన 14 రోజుల్లో ఫుడ్ అనలిస్ట్ నివేదిక ఇవ్వాలని 2006 చట్టం అంటోంది. పండుగ వారంలో తీసిన నమూనా ఫలితం వచ్చేసరికి ఆ కారం పచ్చళ్లలో కలిసిపోతుంది, ఆ నూనె గారెలైపోతుంది. అనుమానం ఉన్న సరుకును అక్కడికక్కడే సీజ్ చేసే అధికారం ఆహార భద్రతాధికారికి అదే చట్టం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఆ అధికారాన్ని పండుగకు ముందే, మిఠాయి దుకాణాలతో ఆపకుండా, కారం మరల దగ్గరా నూనె తిరిగి ప్యాక్ చేసే గోదాముల దగ్గరా వాడాలి. దొరికిన సరుకు బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు ఆ రోజే ప్రకటించాలి.