విమానంలో జబ్బు చేస్తే డాక్టరు బాధ్యత ఏ మేరకు?

రోడ్డు మీద చట్టం తోడున్నది - ఆకాశంలో వృత్తిధర్మమే దిక్కు

ఎల్‌బీ నగర్ (మా విలేకరి):

"ప్రయాణికులలో డాక్టరు ఎవరైనా ఉన్నారా?" అని విమానంలో ప్రకటన వినవచ్చినప్పుడు, డాక్టరై ఉండి కూడా లేవకుండా కూర్చున్నవారిని చట్టం ఏమైనా చేయగలదా? లేచి వైద్యం చేసిన డాక్టరుకు, రోగి దక్కకపోతే, కేసుల బెడద ఉంటుందా? పల్లెల నుంచి విమానం ఎక్కేవారు ఎక్కువైన ఈ రోజులలో ఈ రెండు ప్రశ్నలూ మనకు సంబంధించినవే.

2022 జూలై 23 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వస్తున్న విమానంలో ఒక ప్రయాణికునికి అస్వస్థత కలిగినది. సిబ్బంది డాక్టరు కోసం ప్రకటన చేయగా, అదే విమానంలో ఉన్న నాటి తెలంగాణ గవర్నర్ డాక్టర్ తమిళిసై సౌందరరాజన్ లేచి వెళ్లి ప్రథమ చికిత్స చేశారు. అప్పుడు తన గుండె నిమిషానికి 39 సార్లు మాత్రమే కొట్టుకుంటున్నదని ఆ ప్రయాణికుడు తర్వాత పత్రికలవారికి చెప్పారు. ఆమె స్త్రీ వైద్య నిపుణురాలు. ఎదురైనది ఆమె శాఖకు చెందని జబ్బు. అయినా లేచారు. అన్ని విమానాలలోనూ ఇట్లాగే జరుగుతుందన్న పూచీ లేదు.

మనకు ఎందుకు?

విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు వచ్చి కలిసేది ఎల్‌బీ నగర్ చౌరస్తాలోనే. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల నుంచి, అటు నల్లగొండ జిల్లా నుంచి గల్ఫ్‌కు పనికి పోయేవారు, అమెరికాలో కూతురి కాన్పుకు బయలుదేరే తల్లిదండ్రులు ఇక్కడి నుంచే శంషాబాద్ దారి పడుతున్నారు. వీరిలో షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్న పెద్దలు తక్కువ కాదు.

విమానం ఎగిరేటప్పుడు లోపలి గాలి 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండ మీది గాలితో సమానంగా ఉంటుంది. అంటే తిరుమల కొండకు రెండింతలు మించిన ఎత్తు. ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు గాని, గుండె, ఊపిరితిత్తుల రోగులకు ప్రాణవాయువు చాలక ఆయాసం రావచ్చు. 2008 నుంచి 2010 వరకు ఐదు విమాన కంపెనీల నుంచి వచ్చిన అత్యవసర కబుర్లను పరిశీలించి అమెరికా వైద్యులు 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, సుమారు 600 ప్రయాణాలకు ఒకటి చొప్పున ఇట్టి ఘటనలు జరిగాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించినది కళ్లు తిరిగి పడిపోవడం. దాదాపు సగం సందర్భాలలో ఆదుకున్నది తోటి ప్రయాణికుడైన డాక్టరే.

నేల మీద సంగతి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వరకు రోడ్డుకు ఇరువైపులా ఆసుపత్రుల బోర్డులే. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగి 18 మంది మరణించిన రోజున క్షతగాత్రులను చుట్టుపక్కల ఆసుపత్రులకు, ఉస్మానియాకు తరలించారు. 2025 జనవరి 17న ఎల్‌బీ నగర్ కామినేని ఆసుపత్రి నుంచి లక్డీకాపూల్ ఆసుపత్రికి ఒక దాత గుండెను మెట్రో రైలులో 13 కిలోమీటర్ల దూరం 13 నిమిషాలలో చేర్చారు. నేల మీద దారి ఇవ్వవచ్చు, అంబులెన్సు పిలవవచ్చు. గాలిలో ఉన్నప్పుడు ఈ సదుపాయం లేదు.

చట్టం కూడా నేల మీదనే బలంగా ఉన్నది. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రివారు పోలీసు కేసని చేర్చుకోక 20 కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మనగా, అతడు దారిలోనే మరణించాడు. ఈ ఉదంతంపై దాఖలైన పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెబుతూ, సర్కారు డాక్టరైనా, ప్రయివేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు తతంగం తర్వాతనని స్పష్టం చేసింది. ప్రమాద బాధితునికి లాంఛనాల కోసం ఆగకుండా చికిత్స చేయడం డాక్టరు విధి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతున్నది. ప్రమాదంలో సాయపడినవారిపై కేసులు ఉండరాదని 2019లో 134-ఎ సెక్షన్ చేర్చారు. 2025 మే నుంచి, నిర్ణయించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండా నగదు లేని చికిత్స పథకం అమలులోకి వచ్చింది. ఇవన్నీ రోడ్డు ప్రమాదాలకే.

ఆకాశంలో ఏమున్నది?

విమానంలో ప్రయాణించే డాక్టరు విధిగా లేవాలని శాసించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఉన్నది 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి. డాక్టరు ఎవరికి వైద్యం చేయాలన్నది అతని ఇష్టమే గాని, అత్యవసరంలో ఎవరు సాయమడిగినా స్పందించాలని అందులో ఉన్నది. దీన్ని మీరితే వైద్య మండలి చర్య తీసుకోవచ్చు. అయితే నోరు మెదపకుండా కూర్చున్న మనిషి డాక్టరని ఎవరికి తెలుస్తుంది? కటారా తీర్పు విమానానికీ వర్తిస్తుందని వాదించవచ్చును గాని, ఆనాడు కోర్టు ముందున్నది రోడ్డు ప్రమాదం. ఫ్రాన్సు, జర్మనీలలో మాత్రం ఆపదలో ఉన్నవారిని చూసి కూడా ఆదుకోకపోవడం డాక్టర్లకే కాదు, ఎవరికైనా నేరమే.

భయంలో నిజమెంత?

లేవడానికి డాక్టర్లు జంకేది కేసులకు. ఈ భయంలో సగమే నిజమున్నది. స్పృహ లేని మనిషికి, అనుమతి అడిగే వీలు లేనప్పుడు, సద్బుద్ధితో మేలు కోరి చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతున్నది. భారతదేశంలో రిజిస్టరైన విమానం ఎక్కడ ఎగురుతున్నా ఈ సంహిత వర్తిస్తుంది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరును క్రిమినల్ కేసులో శిక్షించరాదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ఉచితంగా చేసిన సేవ సాధారణంగా వినియోగదారుల చట్టం కిందికి రాదు.

అయినా కేసు వేయడాన్ని ఎవరూ ఆపలేరు. రోడ్డు మీద సాయపడినవారికి ఉన్నంత స్పష్టమైన రక్షణ విమానంలో సాయపడిన డాక్టరుకు లేదు. అమెరికాలో 1998లోనే ఇందుకు చట్టం చేసి, ఘోర నిర్లక్ష్యం ఉంటే తప్ప అట్టి డాక్టరుపై నష్టపరిహారం దావా నిలవదని నిర్దేశించారు.

డాక్టరు నుంచి ఆశించేది కూడా కొండంత కాదు. తాను ఏ శాఖ డాక్టరో చెప్పడం, రోగికి స్పృహ ఉంటే అనుమతి అడగడం, తనకు చేతనైనంతే చేయడం, మద్యం తాగి ఉంటే ఆ సంగతి చెప్పి తప్పుకోవడం, చేసిన చికిత్స రాసి ఇవ్వడం - ఇంతే. విమానాన్ని మధ్యలో దించాలా అన్నది డాక్టరు సలహాపై కెప్టెన్ నిర్ణయిస్తాడు.

మనం చేయవలసినది

ప్రయాణానికి ముందు డాక్టరును సంప్రదించాలి. మందులు పెద్ద పెట్టెలో వేయక చేతి సంచిలో ఉంచుకోవాలి. జబ్బు పేరు, మందుల పేర్లు, ఇంటివారి ఫోను నెంబరు ఇంగ్లీషులో రాయించి జేబులో పెట్టుకోవాలి. తెలుగు తెలిసిన డాక్టరే ఎదురుకావాలని లేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం తోచగానే మొహమాటపడక సిబ్బందిని పిలవాలి. పక్కవారికి ఇబ్బంది అని ఓర్చుకోవడం ప్రమాదకరం.

ప్రభుత్వం చేయవలసినది కూడా పెద్ద పని కాదు. రోడ్డు మీద సాయపడినవారికి 2019లో ఇచ్చిన రక్షణను విమానాలకు, రైళ్లకు వర్తింపజేస్తూ ఒక సెక్షన్ చేరిస్తే చాలును. టిక్కెట్టు కొనేటప్పుడే డాక్టర్లు తమ వృత్తిని ఇష్టపూర్వకంగా నమోదు చేసుకునే ఏర్పాటు విమాన కంపెనీలు చేయాలి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో గాయపడిన మనిషికి లభించే భరోసా, అదే చౌరస్తా నుంచి శంషాబాద్ వెళ్లి విమానమెక్కిన మనిషికి లభించకపోవడం న్యాయం కాదు. మన పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని సభలో లేవనెత్తవలసి ఉన్నది.