పరికిణీకి కాగితపు నమూనా యేల?

ఇంట పరికిణీ కుట్టవలసి వచ్చినప్పుడు, అంగడిలో నమూనా కాగితము లభించునా యని వెదకువారును, అది లభింపనిచో బట్టపై కత్తెర పెట్టుటకే జంకువారును పెక్కురు కలరు. ఈ జంకు నిష్కారణమని మా యభిప్రాయము.

అచ్చు నమూనాలు వ్యర్థములని మేము చెప్పుట లేదు. 1863లో అమెరికాలోని మస్సాచుసెట్సు రాష్ట్రమునకు చెందిన దర్జీ యెబినీజరు బటరిక్కు వేర్వేరు కొలతలలో కాగితపు నమూనాలను అమ్మకమునకు పెట్టెను. కుట్టు నేర్వగోరు గృహములకు అవి మేలొనర్చినవి. మెడవంపును చంకవంపును గల రవికెకు నమూనా యుపయోగకరమే. కాని పరికిణీలో వంపులెక్కడివి? అది కుచ్చెళ్లు పెట్టిన దీర్ఘచతురస్రము. దానిని ధరించు బిడ్డయే దానికి నమూనా. కొలుచు టేపును కొంచెము గణితమును ఉన్న చాలును.

ఒక బాలిక నడుము చుట్టుకొలత 24 అంగుళములు, నడుముపట్టీ క్రిందినుండి చీలమండవరకు పొడవు 30 అంగుళములు అనుకొందము. ఈ 30కి అడుగు మడుపునకు 2½, పై కుట్టునకు ½, పెరుగుదలకై వేయు రెండు మడతలకు 4 చేర్చిన 37 అంగుళములగును. బట్ట పన్నా 36 అంగుళములైనచో ఇట్టి ముక్కలు రెండు కావలెను. పట్టీకి 5 అంగుళములు చేర్చగా మొత్తము 79. నూలుబట్ట తడిసిన కుంగును గావున 2½ గజములు, మీటరు లెక్కలో 2 మీటర్ల 30 సెంటీమీటర్లు, కొని, ముందుగా నీట నానబెట్టి ఆరవేసిన పిదపనే కత్తిరింపవలెను.

రెండు ముక్కలను ప్రక్కల కలిపి కుట్టి, ఒక ప్రక్క పైభాగమున 6 అంగుళములు తెరచి యుంచవలెను. కుట్లకు పోగా చుట్టు 70 అంగుళములు మిగులును. బట్టను నాలుగు భాగములుగను, పట్టీని నాలుగు భాగములుగను గుర్తించి, ప్రతి మూడంగుళముల బట్టను ఒక యంగుళపు కుచ్చెలగా మడిచినచో కుచ్చెళ్లు అంతటను సమముగా వచ్చును. పట్టీని వానిపై మడిచి కుట్టి, లోపల బొందు దూర్చవలెను. అడుగు అంచునకు పైన అంగుళము లోతుగల మడతలు రెండు కుట్టవలెను. ఒక్కొక్క మడత రెండంగుళముల బట్టను దాచును. బిడ్డ యెదిగినప్పుడు ఒక మడత విప్పిన పరికిణీయు ఎదుగును. ఇట్టి సౌకర్యము బజారున కొన్న దుస్తులయందు అరుదు.

విప్పిన చోట, వెలిసిన బట్టపై, రంగు చెడని గీత యొకటి కనబడును. దానిని చూచి తోడి పిల్లలు నవ్వుదురని కొందరు తల్లులు సంకోచింతురు. ఆ గీత పేదరికమునకు గుర్తు కాదు, ముందుచూపునకు గుర్తు. దానిని చూచి నవ్వరాదని బోధించుట పాఠశాల విధి.

సిద్ధముగా కుట్టిన దుస్తులు చౌకగా దొరకుచుండగా ఈ శ్రమ యెందుకని కొందరందురు. ఒక్కొకప్పుడు బట్ట ధరకంటె అవియే చౌక యగుట నిజమే. కాని కుట్టు విడిపోయిన దుస్తును బాగుచేయనేరని యింట చౌక దుస్తు త్వరలోనే చిరుగుపాత యగును. కుట్టుపని చదువునకు ఆటంకమనుటయు పొరపాటు. నిష్పత్తియు భిన్నములును పలకపై కంటె బట్టపై త్వరగా బోధపడును. అచ్చట తప్పిన లెక్కను తడిగుడ్డతో తుడువలేము!

ఇది బాలికలకే విధింపదగిన పని కాదు. దర్జీ వృత్తి పురుషులకు తగినదైనప్పుడు సూది పట్టుట బాలురకు తగదనుట యెట్లు? కావున తలిదండ్రులు వేసవి సెలవులలో కొడుకునకును కూతునకును సూదియు దారమును ఇచ్చి, ఒక పాత చీరను వారి యెదుట పరచి, కొలత వారినే తీయనిండు. మొదటి కుచ్చెళ్లు వంకరగా వచ్చినను విసుగుకొనక విప్పి మరల కుట్టనిండు.