సబ్సిడీ చూసి కాదు, అవసరం చూసి డాబా నింపుదాం



పోయిన నెల మా ఇంటికి ఒక సోలారు కంపెనీ ఏజెంటు వచ్చాడు. డాబా ఎక్కి టేపు పెట్టి కొలిచి, "మూడు కిలోవాట్లు పడతయి కాకా, సంతకం పెట్టు, లోను మేమే ఇప్పిస్తం" అన్నాడు. నేను కరెంటు బిల్లు తెచ్చి చేతిలో పెట్టాను. నెలకు 110 యూనిట్లు. గృహజ్యోతి కింద కట్టాల్సింది సున్నా. "ఏ బిల్లు తగ్గించడానికి నేను అప్పు చెయ్యాలె బిడ్డా?" అని అడిగితే జవాబు లేదు.

మూడు కిలోవాట్లే ఎందుకు? అది మన ఇల్లు చూసి చెప్పిన లెక్క కాదు. 2024లో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు గానీ అంతకు మించి గానీ పెడితే 78 వేలు సబ్సిడీ. సబ్సిడీ ఎక్కడ ఆగుతుందో ఏజెంటూ అక్కడే ఆగుతాడు. మూడు కిలోవాట్లు నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి. ఏసీలు తిరిగే ఇళ్లకు అది లాభమే. 200 యూనిట్లు దాటని రైతు ఇంటికి మాత్రం మిగిలేది వాయిదాలే.

ఏజెంటు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. బ్యాటరీ లేని మామూలు సోలారు, లైను కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. పట్టపగలు ఎండ దంచుతున్నా ఫ్యాను తిరగదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి షాకు కొట్టకుండా ఆ ఏర్పాటు. అది ఉండాల్సిందే. కానీ కరెంటు కోతలకు భయపడి సోలారు పెట్టించుకునేవాడికి ఈ మాట ముందే చెప్పాలా, వద్దా? కోతలే మన బాధ అయితే కావాల్సింది రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నడిపే చిన్న ప్యానెలు, బ్యాటరీ.

ఇక వేడినీళ్ల లెక్క చూడండి. వంద లీటర్ల చన్నీళ్లు స్నానానికి కాగాలంటే గీజరు దాదాపు నాలుగు యూనిట్లు తాగుతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజంతా కష్టపడితే వచ్చేది అంతే. వాటికి వంద చదరపు అడుగుల జాగా కావాలి. అదే పనిని సోలారు నీళ్ల హీటరు అందులో మూడో వంతు జాగాలో చేస్తుంది. ఎండాకాలం దానికి పెద్దగా పని ఉండదు, నిజమే. కానీ పాడి ఉన్న ఇంట్లో పాలక్యాన్లు కడగడానికి ఏడాదంతా వేడినీళ్లు కావాలి. మన బోరునీళ్లు ఉప్పగా ఉంటే గొట్టాల్లో పొర కడుతుంది. అది తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. ట్యాంకు బరువు స్లాబు నడుమ కాకుండా దూలం మీద పడాలి.

డాబా మీద మిర్చి ఎండాలి, వడియాలు ఎండాలి. ఆ జాగా అంతా ప్యానెళ్లకు అప్పగించి, తర్వాత కరెంటుతో ఆరబెట్టే మిషను కొనుక్కోవడం తెలివి అనిపించుకోదు. ఎండను నేరుగా వాడే పనికి ఎండే చాలు. పైన పారదర్శక షీటు వేసిన చిన్న డ్రయ్యరు ఉంటే దుమ్మూ వానా సరుకును చెడగొట్టవు.

నేను సోలారు వద్దనడం లేదు. ఏ ఇంటికి ఏది ఎంత అన్నది ఇంటివాడే తేల్చుకోవాలి అంటున్నాను. ముందు పన్నెండు నెలల బిల్లులు ముందర పెట్టుకోండి. వేడినీళ్లు, ఆరబెట్టడం, కోతల బాధ వేరువేరుగా లెక్క వేయండి. ఆ తర్వాత మిగిలిన జాగాలో, మిగిలిన అవసరానికి ప్యానెళ్లు పెట్టండి.

సర్కారును అడగాల్సిందీ ఉంది. నీళ్ల హీటర్లకు ఒకప్పుడు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ ఎత్తేసింది. దాన్ని మళ్లీ ఇవ్వాలి. ఇళ్లలో వాడే చిన్న డ్రయ్యర్లకూ సాయం చేయాలి. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, అద్దె ఇల్లు ఉన్న కూలీలు, కౌలురైతులు 78 వేలు ఎక్కడ బిగించుకోవాలి? సొసైటీ గోదాముల మీద, రైతువేదికల మీద ఉమ్మడి ప్యానెళ్లు పెట్టి, వచ్చిన యూనిట్లను ఆ ఇళ్ల బిల్లుల్లో జమ చేయాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలకు ప్రతి ఒక్కరూ కరెంటు బిల్లులు పట్టుకుని రండి. లెక్క కలిసి వేద్దాం. అందాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.