మొగ లెక్క జనం ముందు పెట్టాలి

విశాఖపట్నం రేవులో కలిసే మేఘాద్రిగెడ్డ మొగ దగ్గర నీళ్లు, బురద, అందులో బతికే జీవాలు ఏ స్థితిలో ఉన్నాయో ఏడాది పొడవునా కొలవాలి. ఆ కొలతలను నెల తిరిగేసరికి జనం ముందు పెట్టాలి. ఖర్చు ఆ నీళ్లలోకి వ్యర్థాలు వదిలేవాళ్లు, ఆ అడుగును తవ్వి లోతు చేసుకునేవాళ్లు భరించాలి. కొలిచే పని మాత్రం వాళ్ల చేతుల్లో ఉండకూడదు. ఇదంతా జరిగేదాకా మొగ చుట్టూ మిగిలిన మడ చెట్ల జోలికి, చిత్తడి నేల జోలికి ఎవరూ పోకూడదు. మేం కోరుతున్నది ఇదే. దీనికి కొత్తగా కనిపెట్టాల్సిన శాస్త్రం ఏమీ లేదు. యాభై ఏళ్ల కిందటే మన శాస్త్రవేత్తలు ఇక్కడి బురదను తీసి చూసి, చెప్పవలసింది చెప్పారు. పాలకులే వినలేదు.

ఈ రేవు ఒకప్పుడు ఉప్పుటేరు. డాల్ఫిన్స్ నోస్ అని పిలుచుకునే యారాడ కొండ కొమ్ముకూ పాత ఊరికీ మధ్య, పోటుకు మునిగి ఆటుకు తేలే చిత్తడి. తూర్పు కనుమల మీద కురిసిన వాన గెడ్డలుగా దిగి, దాని గుండానే సముద్రంలో పడేది. ఆ చిత్తడిని తవ్వి లోపలి రేవు చేశారు. తవ్విన మట్టితో పక్కనున్న పల్లాన్ని మెరక చేశారు. అలల తాకిడి ఆపడానికి ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచారు. 1933లో రేవు తెరుచుకుంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం, ఆ తర్వాతి దశాబ్దంలో జింకు కర్మాగారం దాని చుట్టూ వెలిశాయి. నగరం పెరిగింది, 2011 జనాభా లెక్కలకే 17 లక్షలు దాటింది. ఇంతమంది బతుకుతెరువుకు ఈ రేవు ఆధారమన్న మాటను మేం కాదనడం లేదు. అయితే ఆ చిత్తడి చేసిపెట్టే పనులను దాన్ని తవ్వినప్పుడు ఎవరూ లెక్క వేయలేదు. వరద నీటికి చోటివ్వడం, మురుగును వడకట్టడం, రొయ్య పిల్లకూ చేప పిల్లకూ తావివ్వడం ఆ చిత్తడి పనులే. అవి ఆగిపోయాక వచ్చిన నష్టాన్ని కూడా ఇన్నేళ్లలో ఎవరి ఖాతాలోనూ రాయలేదు.

మొగలో నీరు ఎలా నడుస్తుందో తెలిస్తే సమస్య ఎక్కడుందో అర్థమవుతుంది. తియ్యనీరు తేలిక, ఉప్పునీరు బరువు. వానకాలంలో రెండూ పైపొర, కిందిపొరగా విడిపోతాయి. పైపొరకు గాలి తగులుతుంది, కిందిపొరకు అందదు. అడుగుకు చేరిన మురుగును బాక్టీరియా కుళ్లబెడుతూ అక్కడున్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేస్తాయి. మామూలుగా ఆటుపోట్లు ఈ నీటిని కలియబెట్టి, పాతదాన్ని బయటికి పంపి కొత్తదాన్ని లోపలికి తెస్తాయి. విశాఖలో పున్నమి, అమావాస్య పోట్లకు కూడా నీటిమట్టంలో తేడా సగటున మీటరున్నరకు మించదు. రేవు పాయలేమో ఒక చివర మూసుకున్నవి. గెడ్డలో జోరు నాలుగు వానల ముచ్చట. పైన జలాశయం కట్టి నగరానికి తాగునీరు తీసుకుంటున్నాం. తీసుకోక తప్పదు కూడా. దానివల్ల మొగకు చేరే తియ్యనీరు తగ్గింది, మురుగు తగ్గలేదు. ఇలాంటి చోట పడిన వ్యర్థం సముద్రంలో కలిసిపోతుందిలే అనుకోవడం తప్పు. అందులో చాలా భాగం కలవదు. అక్కడే అడుగున పేరుకుంటుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ రేవు ఉన్న ఊళ్లోనే ఉంది. అక్కడి జంతుశాస్త్రజ్ఞులు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలో రేవు కాలుష్యాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. 1995లో రామన్ 23 ఏళ్ల పరిశీలనలను ఒకచోట కూర్చి ఒక జర్మన్ పరిశోధన పత్రికలో ప్రచురించారు. మన దేశంలో ఒకే మొగను అన్నేళ్లు వదలకుండా చూడటం అరుదు. ఆ పని విలువ తెలియాలంటే అది ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి.

చిన్న పడవలో వెళ్లి, రెండు దవడలున్న ఇనుప తొట్టిని తాడుతో అడుగుకు దించుతారు. అది నోరు మూసుకుని బురదను పట్టుకుని పైకి వస్తుంది. శుభ్రమైన చోట ఆ బురద లేత రంగులో ఉంటుంది. సన్నని జల్లెడలో పోసి కడిగితే గుల్లలు, చిన్న పీతలు, రకరకాల పురుగులు మిగులుతాయి. మురుగు కలిసే చోట వచ్చేది తారులాంటి నల్ల బురద. తొట్టి తెరవగానే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. అది ఆక్సిజన్ లేని చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. దాన్ని కడిగితే జల్లెడలో మిగిలేది దాదాపు ఒక్కటే జాతి, దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు. పేరు కాపిటెల్లా కాపిటాటా. ఆక్సిజన్ చాలక మిగతావి చచ్చిపోయిన చోట ఇది వేల సంఖ్యలో పెరుగుతుంది. లోకంలో ఏ రేవులోనైనా ఈ పురుగు గుంపు కట్టిందంటే అక్కడి అడుగు మురుగుతో నిండిందని శాస్త్రవేత్తలు గుర్తుపడతారు. విశాఖ లోపలి రేవులో దాన్ని దశాబ్దాల కిందటే చూసి, లెక్కపెట్టి, రాసి పెట్టారు.

ఈ పురుగుల లెక్కకు మేం ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. సీసాలో పట్టిన నీళ్లు ఆ గంట సంగతి చెబుతాయి. తనిఖీ పగలు, వదలడం రాత్రి అయితే ఆ సీసాలో ఏమీ దొరకదు. బురదలో బతికే జీవి ఎక్కడికీ పారిపోలేదు; గడిచిన కొన్ని నెలలుగా దాని మీద పడినదంతా దాని సంఖ్యలో, జాతుల లెక్కలో తెలిసిపోతుంది. బురదలో చేరిన సీసం, జింకు, కాడ్మియం లాంటి లోహాలైతే ఏళ్ల తరబడి అక్కడే ఉండి, పూడిక తీసినప్పుడు మళ్లీ నీళ్లలోకి లేస్తాయి. అందుకే గొట్టం చివర అమర్చిన యంత్రం చూపే అంకెలతో సరిపెట్టుకునే పద్ధతి చాలదు. మొగలోని జీవాలను కూడా లెక్కపెట్టాలి.

ఇక్కడే మరో జీవి కథ చెప్పాలి. 1967లో విశాఖ రేవులో ఒక చిన్న గుల్లను కనుగొన్నారు. దాని శాస్త్రీయ నామం మైటిలాప్సిస్ సాలై. పుట్టిల్లు కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ ప్రాంతం. ఓడల అడుగున అంటుకుని ఇంత దూరం వచ్చింది. ఉప్పునీరైనా, తియ్యనీరు కలిసినా, వేడెక్కినా తట్టుకుంటుంది. నెల రోజుల్లో ఎదిగి గుడ్లు పెడుతుంది. గోడలకు, స్తంభాలకు, ఓడల అడుగుకు దట్టమైన పొరలుగా పట్టుకుని మిగతా జీవాలకు చోటు లేకుండా చేస్తుంది. మనం దాన్ని గుర్తించాం, దాని మీద వ్యాసాలు రాశాం. అది ఇక్కడే స్థిరపడింది.

అదే గుల్ల 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో పడవల రేవులకు చేరింది. అంతకు ఆరు నెలల ముందు అక్కడ జరిపిన సర్వేలో అది లేదు. రెండోసారి చూసేసరికి చదరపు మీటరుకు పది వేలకు పైగా పట్టి ఉంది. కొలతలు వరుసగా ఉండబట్టే అది కొత్తగా వచ్చిందని వెంటనే తేలింది. అధికారులు ఆ రేవుల గేట్లు మూసి, క్లోరిన్, మైలుతుత్తం పోసి కొన్ని వారాల్లో దాన్ని తుడిచిపెట్టారు. ఆ మందుకు రేవులో ఉన్న మిగతా జీవాలూ చచ్చాయి. ఆ పద్ధతి విశాఖ లాంటి తెరిచిన రేవుకు పనికిరాదు కూడా. మేం చెప్పేది మందు గురించి కాదు. అక్కడ శాస్త్రవేత్త చూసిన రోజుకూ పాలనాధికారి కదిలిన రోజుకూ మధ్య దూరం రోజుల్లోనే ఉంది. మన దగ్గర ఆ దూరం అర్ధ శతాబ్దం దాటింది.

నిబంధనల్లోనూ లోపం ఉంది. తీర జలాలను వాడకాన్ని బట్టి మన పర్యావరణ నియమాలు తరగతులుగా విడదీశాయి. పైతరగతి నీళ్లలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. రేవు నీళ్లకు 3 చాలు. ఓడలు ఆగే చోటని ఒక మొగకు పేరు పెట్టగానే అందులోని చేపకు ఊపిరి తక్కువ అక్కరవుతుందా? లోపలి రేవులో మడ చెట్లున్నాయి, మండపీతలున్నాయి, సముద్రం నుంచి ఈది వచ్చి పెరిగే పిల్లలున్నాయి. అక్కడ పట్టిన చేప తినే మనుషులూ ఉన్నారు. ఈ మొగను ఓడల చెరువుగా కాక మొగగానే గుర్తించి, దానికి తగిన ప్రమాణం పెట్టమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిని కోరుతున్నాం.

పరిశ్రమలను మాత్రమే వేలెత్తి చూపడం న్యాయం కాదు. నగరపాలక సంస్థ కూడా వ్యర్థం వదిలేవాళ్లలో ఒకటి, మనందరి తరఫున. కేంద్ర మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 7,200 కోట్ల లీటర్లకు పైగా. నిజంగా శుద్ధి అవుతున్నది 2,000 కోట్ల లీటర్ల చిల్లర. తీర నగరాల్లో మిగతాది చివరికి చేరేది ఏదో ఒక మొగకే. అందుకే ఖర్చు పంచేటప్పుడు నగరపాలక సంస్థ వాటా కూడా రాయాలి.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతంలో దొరుకుతుంది. అక్కడ ప్రభుత్వ శాస్త్రవేత్తలు 1969 నుంచి ఓడ మీద తిరుగుతూ నీటిని కొలుస్తున్నారు. 1993లో దానికి తోడుగా ఒక ప్రాంతీయ పరిశీలన పథకం పెట్టారు. మురుగు శుద్ధి కేంద్రాలు, పరిశ్రమలు, పూడిక తీసేవాళ్లు తమ వంతు రుసుం కడతారు. ఎవరి గొట్టాన్ని వాళ్లు విడిగా కొలిచి నివేదికలు పడేసే బదులు, ఒక స్వతంత్ర శాస్త్ర సంస్థ మొత్తం ఖాతాన్ని కొలుస్తుంది. ఫలితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. చేపల్లో పాదరసం ఎంతుందో, ఏ చేప ఎంత తినవచ్చో అక్కడి జాలరికి తెలిసేది అలాంటి లెక్కల వల్లనే. విశాఖ జాలరికి అంతకంటే తక్కువ హక్కు ఎందుకుండాలి?

మనకు మనుషులు లేక కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం 1976 నుంచి విశాఖలోనే ఉంది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు దేశమంతటా 27 మొగలను కొలిచి, అవి గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ లెక్క తేల్చారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ విశాఖ తీరానికి అవతల సముద్రంలో నీటి నాణ్యతను ఎప్పటికప్పుడు పంపే తేలుడు యంత్రాన్ని అమర్చింది. అలాంటిదే మొగ లోపల రెండు మూడు చోట్ల, పైపొరకు ఒకటి, అడుగుకు ఒకటి చొప్పున పెట్టాలి. దానికి తోడు వానలకు ముందు, వానల తర్వాత బురదలోని జీవాల లెక్క. ఏడాదికోసారి లోహాల పరీక్ష. చేపల్లో, గుల్లల్లో లోహాల పరీక్ష. పూడిక తీసే ముందు ఆ మట్టిలో ఏముందో, తీశాక దాన్ని ఎక్కడ పోశారో రాయాలి.

దీనికి అడ్డు చెప్పేవాళ్లు రెండు మాటలు అంటారు. ఒకటి, రేవు పక్కనే నౌకాదళం ఉంది, రక్షణ సంగతులు బయటపడతాయని. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెబితే దేశ రహస్యం ఏదీ బయటపడదు. నమూనాలు తీసే చోట్లను నౌకాదళంతో మాట్లాడి ఖరారు చేసుకోవచ్చు. రెండోది, లెక్కలు బయటపెడితే పెట్టుబడులు వెనక్కి పోతాయని. ఈ భయం వెనక, లెక్కలు బాగా లేవన్న ఒప్పుకోలు ఉంది. బాగా లేకపోతే దాచిపెట్టి మరో కర్మాగారాన్ని అదే నీటి పక్కకు పిలవడం ఆ వచ్చేవాళ్లకూ, ఇక్కడ ఉన్నవాళ్లకూ ద్రోహమే. 2020 మేలో లీకైన స్టైరీన్ వాయువు విశాఖ శివారు పల్లెల్లో ప్రాణాలు తీసింది. చుట్టుపక్కల ఏ రసాయనం ఎంత ఉందో జనానికి తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఈ నగరానికి మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

నష్టం ముందుగా తగిలేది మత్స్యకారులకే. లోపలి నీళ్లలో చేప చచ్చి తేలిన రోజున వాళ్లు వచ్చి అడిగితే ఎందుకు చచ్చిందో చెప్పేవాళ్లుండరు. నమూనా తీసేసరికి ఆటు వచ్చి వెళుతుంది, నీరు మారిపోతుంది. నిన్నటి, మొన్నటి కొలతలు లేనిదే ఈరోజు చావుకు కారణం ఎవరిమీదా రుజువు కాదు. రుజువు లేదు కనుక పరిహారమూ లేదు. ఎడతెగని కొలత వాళ్ల పక్షాన నిలబడే సాక్ష్యం. అందుకే పథకాన్ని నడిపే కమిటీలో శాస్త్రవేత్తలతో పాటు మత్స్యకార సంఘాల ప్రతినిధులూ కూర్చోవాలి; ఫలితాలు తెలుగులో, చేపల రేవు దగ్గర బోర్డు మీద కూడా రాయాలి.

ఇందుకు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, వ్యర్థ జలాలు వదలడానికి ఇచ్చే అనుమతికి షరతులు పెట్టే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. ఆ అనుమతులను గడువు తీరాక మళ్లీ తీసుకోవాలి. మొగ చుట్టూ ఉన్న పరిశ్రమలవీ, నగరపాలక సంస్థ మురుగు శుద్ధి కేంద్రాలవీ ఈసారి మండలి ముందుకు వచ్చినప్పుడు, ఉమ్మడి పరిశీలన నిధికి వాటా కట్టాలన్న షరతు ప్రతి ఉత్తర్వులోనూ రాయాలి. మొదటి ఏడాది కొలతలు బయటికి రాకుండా ఆ నీటిలోకి కొత్తగా ఒక్క గొట్టానికి కూడా అనుమతి ఇవ్వకూడదు.