బాఖ్ రాయని బాకాలు

బాఖ్ ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ (‘దృఢమైన కోట’) కాంటాటాను, అంటే గొంతులకూ వాద్యాలకూ కలిపి కట్టిన ఆ చర్చి రచనను, ట్రంపెట్లు లేకుండా పాడితే పండగ కళ పోతుందన్న వాదన ఇంకా వినబడుతూనే ఉంది. మతసంస్కరణ దినమన్నాక, అందులోనూ లూథర్ కీర్తన అన్నాక, మూడు ట్రంపెట్లూ నగారాలూ దద్దరిల్లకపోతే ఎలా అంటారు. అసలు రూపం పాడదామన్నవాళ్లను పాత కాగితాలు పట్టుకు వేలాడే చాదస్తులని తీసిపారేస్తారు. ఇంత రభసలోనూ ఎవరూ ఎత్తని తేదీ ఒకటుంది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1750 జులై 28న చనిపోయాడు. ఆ ట్రంపెట్లు పుట్టింది ఆ తర్వాత. రాసినవాడు ఆయన పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్.

కాబట్టి పాడాల్సింది అసలు రూపమే. ఇందులో నాన్చడానికేమీ లేదు.

ఫ్రీడెమాన్‌ను తప్పుపట్టలేం. ఎనిమిది భాగాల కాంటాటాలోంచి మొదటిదీ అయిదోదీ తీసుకుని, లాటిన్ మాటలు పెట్టి, తన అవసరానికి ట్రంపెట్లు, నగారాలు చేర్చుకున్నాడు. అది వేరే రచన. ఆ ట్రంపెట్లను తెచ్చి తండ్రి జర్మన్ పాటకు అతికించింది విల్‌హెల్మ్ రుస్ట్ సంపాదకత్వంలో 1870లో వచ్చిన బాఖ్ సొసైటీ సంపుటం. అంటే బాఖ్ పోయిన 120 ఏళ్లకు. ఈ అతుకుల రూపం తండ్రిదీ కాదు, కొడుకుదీ కాదు. దీన్నేనా ‘సంప్రదాయం’ అంటున్నది?

బాఖ్ స్వహస్తంతో రాసిన పూర్తి ప్రతి దొరకలేదు. మనకున్న ప్రధాన ఆధారం శిష్యుడు, తర్వాతి కాలంలో అల్లుడూ అయిన ఆల్ట్‌నికోల్ 1740లలో రాసుకున్న నకలు. అందులో ట్రంపెట్ల ఊసే లేదు. ఆ నకలు చూపే మొదటి బృందగానం నిర్మాణం చూడండి. లూథర్ బాణీని పైస్థాయిలో ఓబోలు ఎత్తుకుంటాయి. మన సన్నాయి కుటుంబపు వాద్యమది. కొద్దిసేపటికి అదే బాణీని అట్టడుగున మంద్ర వాద్యాలు అందుకుని పైదాన్ని వెంబడిస్తాయి. ఈ రెంటి నడుమ నాలుగు గొంతులూ కీర్తనను పాదం పాదంగా విప్పుతూ పోతాయి. పైనా కిందా ఒకే బాణీ ఉందని చెవికి అందితేనే, మధ్యలో ఉన్నవాళ్లకు అది కోట. పై బాణీని ట్రంపెట్ లాక్కుందా, చెవి అక్కడే అతుక్కుపోతుంది. కిందిది నగారాల మోతలో కలిసిపోతుంది. కోట పునాదినే వినబడకుండా చేసి కోట గురించి పాడుతున్నారన్నమాట.

అయిదో భాగానికి జరిగే అన్యాయం మరీ ఎక్కువ. లోకమంతా సైతాన్లతో నిండినా వెరవమన్న చరణమది. గాయకులంతా ఒక్క గొంతై బాణీని నిబ్బరంగా పాడుతుంటే, చుట్టూ వాద్యాలు మూకలా ఎగబడతాయి. గెలవాల్సింది ఆ ఒక్క గొంతు. ట్రంపెట్లు ముందే విజయం చాటేస్తే ఇక పోరాటమేదీ?

బాఖ్ కూడా మార్పులు చేశాడుగా అంటారు. చేశాడు. ఈ రచన మూలం 1715 నాటి వైమార్‌లో, సాలొమో ఫ్రాంక్ మాటలకు లెంటుకు, అంటే ఈస్టరు ముందరి ఉపవాసకాలానికి, కట్టిన కాంటాటా. దాని సంగీతం దొరకలేదు. బాఖ్ తర్వాత పనిచేసిన లైప్‌జిగ్‌లో అప్పట్లో లెంటు వారాల్లో కాంటాటాలు పాడేవారు కాదు కనుక దాన్ని మతసంస్కరణ పండక్కి మలిచాడు, తర్వాత పెద్ద బృందగానం చేర్చాడు. అన్నీ ఆయనే చేశాడు, 1750కి ముందే చేశాడు. అన్ని మార్పుల్లోనూ ట్రంపెట్లు తేవాలని ఆయనకు తోచలేదు. ట్రంపెట్లు తెలియనివాడా? క్రిస్మస్ ఒరటోరియో మొదలయ్యేదే నగారాలతో.

త్యాగరాజ కృతులకు శిష్యులు సంగతులు చేర్చలేదా అని మనవాళ్లెవరైనా అడగొచ్చు. చేర్చారు. అది నోటినుంచి నోటికి వచ్చిన విద్య, ఆ బాణీ ఫలానా శిష్యపరంపరదని చెప్పుకునే అలవాటూ ఉంది. ఇక్కడ కాగితం ఉంది, తేదీ ఉంది, అయినా కొడుకు చేర్పును తండ్రి పేరుతో చలామణి చేస్తున్నారు. లూథర్ కీర్తన గుంటూరు లూథరన్ సంఘాలకూ తెలుగులో బాగా తెలిసిందే. దానికి బాకా ఊదేవాళ్లు అక్కర్లేదని వాళ్లనడిగినా చెబుతారు.

తెలియక చేస్తున్నారనడానికీ లేదు. ట్రంపెట్లు లేని రికార్డులు ఎప్పుడో వచ్చాయి. అన్నీ తెలిసీ మోత మోగిస్తున్నారంటే కారణం ఒక్కటే, చప్పట్లు. ఆ చప్పట్ల కోసం చచ్చిపోయిన మనిషి చేత రాయిస్తున్నారు. రాబోయే మతసంస్కరణ దినం, అక్టోబరు 31న, మీరున్న ఊళ్లో ఈ కాంటాటా పాడితే, వేదిక మీద ట్రంపెట్లు కనబడితే, నిర్వాహకులను ఒక్క మాట అడగండి: పోస్టరు మీద బాఖ్ పేరు పక్కన ఫ్రీడెమాన్ పేరూ, రుస్ట్ పేరూ ఎందుకు వేయలేదని.